సెలవు చీటీ: గోసాయి కుండము



2024 శ్రావణ పున్నమికి మేము నేపాలులోని గోసాయి కుండానికి వెళ్ళివచ్చిన సంగతి మన సంఘంలో చాలామందికి తెలిసినదే. ఆ యాత్ర గురించి ఈ శీర్షికలో వ్రాయమని సంపాదకులు రెండు మాట్లు అడిగారు. మేము ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేస్తూ వచ్చాము. అసలు కారణం అన్నయ్య. "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేయకురా" అని ముందే మా నోరు కట్టేశాడు.

మొన్న మన వీధి పెద్దలు ముగ్గురు వచ్చే శ్రావణానికి ఆ చెరువుకు బయలుదేరాలనుకొని, దారి కనుక్కోవడానికి అన్నయ్య దగ్గరకే వచ్చారు. ముగ్గురూ అరవై దాటినవారు. వారు వెళ్ళిన పిమ్మట అన్నయ్య మా ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "రాయరా. ఉన్నదున్నట్టు రాయి. వాళ్ళకు దారి చెప్పాను గాని అసలు సంగతి చెప్పలేకపోయాను" అన్నాడు. కనుక ఈ నెల సెలవు చీటీ అన్నయ్య అనుమతి మీద వ్రాస్తున్నాము.

మాది మగ్గం ఇల్లు. అన్నయ్య నేటికీ గుంటమగ్గం మీద కూర్చుని బరంపురం పట్టు నేస్తాడు. మేము మెట్రిక్ ప్యాసై కాగితాల మధ్య పడ్డాము. నూలుతోనూ పట్టుతోనూ బ్రతికే ఇంటికి జంధ్యాల పున్నమి పెద్ద పండుగ. ఆ రోజు మగ్గం ఆడదు. తెల్లవారగానే స్నానాలు చేసి, పాత జంధ్యం తీసి కొత్తది వేసుకొంటాము. అదే రోజు మన ఒరియా పొరుగువారికి గహ్మా పున్నమి. వారు ఆవులను కడిగి, పూజించి, పిండివంటలు పెడతారు. చిన్నతనంలో మేము రెండు ఇళ్ళ వంటలూ తిని పెరిగాము.

మా నాన్నగారికి చదువు తక్కువ, భాగవతం మీద ప్రీతి ఎక్కువ. పున్నమి మధ్యాహ్నం పోతనగారి అష్టమ స్కంధంలో పాలసముద్రం చిలికిన ఘట్టం మా చేత చదివించుకొని వినేవారు. శివుడు హాలాహలాన్ని మ్రింగి కంఠంలో నిలుపుకొన్న చోట కళ్ళు తుడుచుకొనేవారు. ఒకసారి పూరీ నుంచి తిరిగివస్తూ ఒక నేపాలీ సాధువు మా అరుగు మీద రెండు రోజులు ఉన్నాడు. ఆ కథకు తరువాయి మా దేశంలో ఉన్నదని ఆయన చెప్పాడు. విషం మంట తాళలేక శివుడు హిమాలయానికి వచ్చి త్రిశూలంతో కొండను పొడిచాడట. ధారలు పుట్టి చెరువు నిండిందట. ఆయన ఆ నీళ్ళలో పడుకొని మంట చల్లార్చుకొన్నాడట. ఏటా జంధ్యాల పున్నమికి అక్కడ తీర్థం జరుగుతుందన్నాడు.

ఇది పోతనగారి భాగవతంలో లేని కథ, ఆ కొండవాళ్ళు చెప్పుకొనే కథ. నాన్నగారి మనసులో మాత్రం నాటుకొన్నది. "ఒక్కసారి అక్కడ జంధ్యం మార్చుకోవాలిరా" అని ఏటా అనేవారు. 2020లో ఆయన పోయారు. ఆ మాట పెద్దకొడుకు నెత్తిన పడింది.

ముందు ఆ చెరువు సంగతి చెప్పాలి. కాఠ్మాండు నగరానికి ఉత్తరంగా రసువా జిల్లా ఉన్నది. అక్కడి లాంగ్‌టాంగ్ జాతీయ ఉద్యానవనం 1976లో ఏర్పడింది. వైశాల్యం 1,710 చదరపు కిలోమీటర్లు. ఎర్ర పాండాలు, కస్తూరి మృగాలు ఉండే అడవి అది. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపంలో కొండమీది మంచూ రాళ్ళూ విరుచుకుపడి లాంగ్‌టాంగ్ అనే ఊరు ఊరంతా పూడిపోయినది కూడా ఈ ఉద్యానవనంలోనే. గోసాయి కుండం అందులో మరొక వైపున, సముద్రమట్టానికి 4,380 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే 14 వేల అడుగులు దాటినట్టు. మనకు తెలిసిన మహేంద్రగిరి 1,501 మీటర్లు. దాని మీద అటువంటివే మరి రెండు పేర్చితే సుమారుగా ఈ చెరువు గట్టుకు వస్తాము. నీటి విస్తీర్ణం 13.8 హెక్టార్లు, మన లెక్కలో 34 ఎకరాలు. చుట్టుపక్కల ఇంకా చాలా కుండాలున్నవి. 108 అని అక్కడివారి లెక్క. 2007లో వీటన్నింటినీ కలిపి ప్రపంచంలో కాపాడుకోదగిన జలాశయాల రామ్‌సర్ పట్టికలో చేర్చారు.

ఇది మనుష్యులు త్రవ్విన చెరువు కాదు. వేల ఏండ్ల క్రిందట అక్కడ హిమానీనదం ఉండేది. నది అన్నామే గాని నీటి ప్రవాహం కాదు. కొండంత మంచుగడ్డ తన బరువుకు తానే మెల్లగా క్రిందికి జరుగుతుంది. జరిగేటప్పుడు అడుగున రాళ్ళను పట్టుకొని బండను తొలుచుకుంటూ పోతుంది. కాలక్రమాన మంచు కరిగి వెనక్కు పోయింది. తొలిచిన గుంటలో వాననీరూ మంచునీరూ నిలిచింది. చలికాలంలో అది గడ్డకట్టి, ఎండకాలానికి విడుతుంది. నిండిన నీరు ఏరై క్రిందికి దూకి త్రిశూలి నదిలో కలుస్తుంది. త్రిశూలి పోయి గండకిలో, గండకి పాట్నా దగ్గర గంగలో కలుస్తవి.

హిమాలయంలో మరొక రకం చెరువులున్నవి. హిమానీనదం తోసుకొచ్చిన మట్టీ రాళ్ళూ గట్టుగా పడి, వాటి వెనుక కరిగిన నీరు నిలుస్తుంది. ఒక్కొక్కచోట మంచు మీదనే మడుగు కడుతుంది. ఇవి తెగితే క్రింది లోయలకు ప్రళయమే. 2025 జూలై 8న ఇదే రసువా జిల్లాలో పెద్ద వరద వచ్చి, నేపాలుకూ టిబెట్టుకూ మధ్యనున్న మైత్రీ వంతెన కొట్టుకొనిపోయింది. టిబెట్టు వైపు మంచుమీది మడుగు ఒకటి ఖాళీ కావడమే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. గోసాయి కుండం బండరాతి గుంటలో నిలిచిన నీరు గనుక ఆ రకంలోనిది కాదు. అక్కడ భయం నీటితో కాదు, గాలితో. ఆ సంగతి మేము వెళ్ళేముందు చదువలేదు.

ఆఫీసులో పదిహేను రోజుల సెలవు అడిగితే పన్నెండు ఇచ్చారు. పాఠకులు ఈ అంకె గుర్తుంచుకోవలెను. అన్నయ్య, వదిన, మా ఇంటావిడ, ఈ గుమాస్తా, నలుగురమూ ఆగస్టు 11 రాత్రి బరంపురంలో రైలెక్కి హౌరా చేరాము. అక్కడ మిథిలా ఎక్స్‌ప్రెస్సు పట్టుకొని 13 ఉదయం రక్సౌల్‌లో దిగాము. సరిహద్దు దాటితే బీర్‌గంజ్. భారతీయులకు వీసా అక్కరలేదు. ఓటరు కార్డులు వెంట ఉంచుకొన్నాము. నారాయణ్‌ఘాట్ దాటిన తరువాత బస్సు త్రిశూలి నది గట్టునే పోతుంది. ఆ ఏడే జూలై 12న సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి రెండు బస్సులను ఆ నదిలోకి తోసింది. ఆ చోటు రాగానే బస్సులోనివారు మాటలు మానేశారు. క్రింద నీరు మట్టిరంగున సుడులు తిరుగుతున్నది. పై కొండ మీది చల్లని చెరువు నీరే ఇందులో కలిసి పోతున్నదంటే నమ్మబుద్ధి కాలేదు.

14న పశుపతినాథుని దర్శనం చేసుకొని, 15 తెల్లవారుజామున ధున్‌చేకు బస్సెక్కాము. మా లెక్క ఏమనగా, 15న ధున్‌చే, 16న చందన్‌బారీ, 17న లౌరీబినా, 18న చెరువు. రోజుకు కొంచెం చొప్పున ఎక్కి ఒళ్ళు అలవాటు చేసుకోవలెనని కాఠ్మాండు సత్రంలో ఒక పెద్దమనిషి చెప్పగా వ్రాసుకొన్న లెక్క అది. కాని దారిలో చరియ పడి రోడ్డు మూసుకుపోయింది. ఆ పగలూ రాత్రీ బస్సులోనే గడిచింది. ధున్‌చే చేరేసరికి 16 సాయంత్రం. ఒక రోజు పోయింది. పున్నమి 19న. అది మన కోసం ఆగదు. పోయిన రోజును ఎక్కడ సర్దాలి? గుమాస్తా బుద్ధి గనుక కాగితం తీసి, మధ్యనున్న లౌరీబినా మజిలీ కొట్టేశాము. ఆ కలం గీత మాదే. అన్నయ్యది కాదు.

ధున్‌చే సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్నది. ఉద్యానవనం చౌకీలో సైనికులు టిక్కెట్లు చూచి, మూటలు విప్పించి, ప్లాస్టిక్ సంచులు తీయించారు. 17న చందన్‌బారీ దాకా ఎక్కాము. అది 3,330 మీటర్లు. దారి నిలువు. సింధూర వృక్షాలు, రోడోడెండ్రాన్ చెట్లు, వాటి పైన దేవదారు జాతి చెట్లు. వానకాలం గనుక జలగలు. ఉప్పు మూట కట్టిన కర్రతో తాకిస్తే ఊడిపోతవి. మా ఇంటావిడ మొదట కేకలు పెట్టి, మధ్యాహ్నానికి తానే మాకు తీసిపెట్టడం నేర్చుకొన్నది. చందన్‌బారీలో ఒక బౌద్ధ గోంపా, ఒక చీజు కర్మాగారం ఉన్నవి. ఆ రాత్రి అన్నయ్య అన్నం సగం వదిలేశాడు. అలసట అన్నాడు.

18న చీకటితో లేచాము. దారి పొడుగునా జనం. తామాంగ్ కుటుంబాలు, కాఠ్మాండు కుర్రవాళ్ళు, మనుమలను ఎత్తుకొన్న ముసలమ్మలు. వారి గ్రామాల ఝాంక్రీలు, అంటే మన గణాచారుల వంటివారు, నెమలి ఈకల తలపాగాలతో డప్పులు వాయిస్తూ ఎక్కుతున్నారు. పదకొండు గంటలకు లౌరీబినా. 3,900 మీటర్లు. చెట్లు అక్కడికి ముందే ఆగిపోయినవి. ఇక గడ్డీ రాళ్ళే. పూటకూళ్ళ యజమాని మమ్మల్ని చూచి, "ఈ రాత్రి ఇక్కడే పడుకోండి. రేపు నాలుగింటికి బయలుదేరితే ఏడింటికి చెరువు" అన్నాడు హిందీలో.

అన్నయ్య ఒప్పుకోలేదు. నాన్నగారు కోరినది తెల్లవారుజామున స్నానం, ఏడింటికి కాదు అన్నాడు. మేము కూడా అతని వైపే మాట్లాడాము. తిరుగు ప్రయాణం, బస్సు, సెలవు, అన్నీ లెక్కవేసి ముందే చేరడం మేలన్నాము. వదిన ఏదో చెప్పబోయి ఊరుకొన్నది. క్రితం రాత్రి నుంచి అన్నయ్యకు తలనొప్పిగా ఉన్నదనీ, తమ్ముడితో చెప్పవద్దని ఒట్టు పెట్టించుకొన్నాడనీ మాకు తరువాత తెలిసింది.

లౌరీబినా దాటిన తరువాత కొండ పక్కన సన్నని దారి. ఒక వైపు లోయ. పది అడుగులు వేసి నిలబడాలి. మరి పది అడుగులు. మంచుపొగలో ముందున్నవారి వీపు తప్ప ఏమీ కనబడదు. క్రింద ఎక్కడో సరస్వతీ కుండం అన్నారు. తరువాత భైరవ కుండం అన్నారు. నాలుగు దాటిన తరువాత ఒక మలుపులో గంటల మ్రోత వినబడింది. గుడిగంటలు ఒకటి కాదు, వందలు. పొగ కొంచెం విడిపోయింది.

మేము చూచినది ఇది. మూడు పక్కల నల్లని బండలు. నడుమ నీరు. మొదట పలకరాయి రంగు. మబ్బు సందున ఎండ ఒక్క క్షణం పడగానే రంగు మారింది. అన్నయ్య మా చెయ్యి పట్టుకొని, "నీలిమందు తొట్టిరా" అన్నాడు. మగ్గం వాడికి తోచే మాట అది. మా చిన్నతనంలో రంగుల ఇంట్లో నూలు ముంచే తొట్టి అట్లాగే ఉండేది. నీటిలో ఒక పెద్ద బండ మునిగి కనబడుతుంది. అదే పడుకొన్న శివుడని చూపించారు. గట్టున పైకప్పు లేని చిన్న శివాలయం, చుట్టూ గుచ్చిన త్రిశూలాలు. వదిన చెంగు పరచి మ్రొక్కింది. అన్నయ్య నిలబడే ఉన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నవి. మేము అది భక్తి అనుకొన్నాము. భక్తి కూడా కావచ్చును.

రాత్రి ఎనిమిదింటికి గుడారంలో అన్నయ్య రెండు మాట్లు వాంతి చేసుకొన్నాడు. లేచి బయటకు పోతూ గుడారం తాడుకు తట్టుకొని పడ్డాడు. లేపబోతే మా పేరుకు బదులు పోయిన మా చిన్నాన్న పేరు పిలిచాడు. అప్పుడు మాకు కాళ్ళు వణికినవి. పండుగ రోజుల్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారు అక్కడ వైద్య శిబిరం పెడతారు. ఇద్దరు మనుష్యులు చెరి ఒక రెక్కా పట్టుకొని అక్కడికి చేర్చారు.

డాక్టరు కుర్రవాడు. ముప్పై దాటి ఉండవు. సూది మందూ గొట్టమూ తీయలేదు. నేల మీద ఒక గీత చూపించి, మడమకు వేలు ఆనించుకుంటూ నడవమన్నాడు. చీకట్లో కూడా తెగిన పోగు వ్రేలితో తడిమి పట్టుకొనే మనిషి అన్నయ్య. నాలుగడుగులు వేయలేకపోయాడు. కల్లు త్రాగినవాడిలా పక్కకు ఒరిగాడు. చూస్తున్నవారిలో ఎవరో నవ్వారు. ఆ నవ్వే ఇన్నాళ్ళూ అన్నయ్యను బాధించినది.

డాక్టరు మాకు విడమర్చి చెప్పాడు. అంత ఎత్తున ఒక్కొక్క శ్వాసకు దొరికే ప్రాణవాయువు, సముద్రతీరాన దొరికే దానిలో నూటికి 60 వంతులే. మెల్లగా ఎక్కితే ఒళ్ళు సర్దుకొంటుంది. తొందరపడితే తలనొప్పి, వాంతులు, ఆకలి లేకపోవడం. అది ముదిరితే మెదడు వాస్తుంది. మనిషి తూలుతాడు, మాట తప్పుతుంది, పిమ్మట స్పృహ పోతుంది. కొందరికి ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. మందు ఇచ్చి కొంత ఆపవచ్చును గాని అసలు మందు ఒక్కటే, క్రిందికి దిగడం. "పొద్దున దిగుతాము" అన్నాము. "పొద్దున దాకా ఈయన ఉండకపోవచ్చు. ఇప్పుడే" అన్నాడు.

అన్నయ్యకు ఆ మాట అర్థమయ్యే తెలివి ఇంకా ఉన్నది. దిగనన్నాడు. తెల్లవారితే పున్నమి అన్నాడు. ఆరు గంటలు ఓర్చుకుంటే నాన్నగారి మాట చెల్లుతుందన్నాడు. మేము బ్రతిమాలాము. "నువ్వెవడివిరా నాకు చెప్పడానికి" అన్నాడు. మా ఇంట్లో పెద్దవాని మాటకు ఎదురు లేదు. మేము ఏమి చేయాలో తోచక నిలబడిపోయాము. అప్పుడు వదిన, నలభై ఏళ్ళలో మా ఎదుట అన్నయ్యకు ఎదురు చెప్పని మనిషి, అతని ముందు కూర్చుని, "మామయ్యగారు ఉంటే ఏమనేవారు? జంధ్యం వేసుకోవడానికి భుజం ఉండాలంటారా, వద్దంటారా? నా పసుపు కుంకాలు ఆ నీళ్ళలో కలిపి మీరు మునుగుతారా?" అన్నది. అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నది. అన్నయ్య తల దించుకొన్నాడు.

సూది మందు ఇచ్చారు. ఇద్దరు తామాంగ్ కూలీలు డోకో అనే వెదురు బుట్ట ఒక పక్క కోసి, కూర్చోవడానికి వీలుగా చేశారు. నుదుటి పట్టీతో ఒకరి తరువాత ఒకరు వీపున మోయడానికి 8 వేల నేపాలీ రూపాయలకు, అంటే మన 5 వేలకు ఒప్పుకొన్నారు. దారి ఇరుకు, రాత్రి వేళ, ఎక్కువమంది వద్దన్నాడు డాక్టరు. వదిన ఆగనన్నది. మా ఇంటావిడ ఆగుతానన్నది. "ఎవరో ఒకరు మునగాలి కదా. నేనుంటాను" అన్నది. తెలియని దేశంలో, మాట రాని జనంలో ఆడమనిషిని వదలి వెళ్ళడమా? పక్క గుడారంలోని నువాకోట్ ముసలమ్మ ఒకామె ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని, మాకు పొమ్మని సైగ చేసింది.

ఆ దిగడం గురించి ఎక్కువ వ్రాయము. వాన తుంపర, టార్చి వెలుగు, మబ్బు వెనుక చంద్రుడు. ఎదురుగా ఇంకా జనం ఎక్కి వస్తూనే ఉన్నారు. బుట్టను చూచి పక్కకు తప్పుకొని నమస్కారం పెట్టేవారు. శవమనుకొన్నారో ఏమో. ప్రతి మలుపులోనూ వదిన "ఏమండీ" అని పిలిచేది. ఒక్కొక్కసారి జవాబు వచ్చేది, ఒక్కొక్కసారి వచ్చేది కాదు. రాత్రి ఒంటిగంటకు లౌరీబినా. కొంచెం మేలు. కూలీలు టీ త్రాగి మళ్ళీ ఎత్తుకొన్నారు. తెల్లవారేసరికి చోలాంగ్‌పాటి దాటాము. చందన్‌బారీ కనబడుతుండగా బుట్టలో నుంచి, "ఒరే, వీళ్ళకు కాళ్ళు పీకవూ? నన్ను దింపమను" అన్న మాట వినబడింది. వదిన దారి మీదనే కూర్చుండిపోయింది.

ఆ పున్నమి ఉదయం చందన్‌బారీ కట్టెల కొట్టం పక్కన, చెంబుడు వేడినీళ్ళు ఒంటి మీద చిలకరించుకొని, అన్నదమ్ములము జంధ్యాలు మార్చుకొన్నాము. అన్నయ్య స్వయంగా వడికి బరంపురం నుంచి తెచ్చిన జంధ్యాలు అవి. చేతులు వణుకుతుంటే అతని మెడలో మేమే వేశాము.

మా ఇంటావిడ సాయంత్రం చీకటి పడుతుండగా దిగివచ్చింది. ఆమె చెప్పినది ఆమె మాటలలోనే వ్రాస్తున్నాము. "నీళ్ళు కాదు, సూదులు. ముసలమ్మ నా చెయ్యి వదలలేదు. నాలుగు మాట్లు మునిగాను. బావగారి పేరున ఒకటి, అక్క పేరున ఒకటి, మీ పేరున ఒకటి, నాది ఒకటి. అయిదోది మామయ్యగారి పేరున మునుగుదామంటే ముసలమ్మ బయటికి లాగేసింది. చెంబుతో తీసి నెత్తిన పోసుకొన్నాను." ఒక సీసా నీళ్ళూ, పూజారి కట్టిన పసుపుపచ్చ దారమూ, మాకు మూడు దారాలూ తెచ్చింది. దానిని వాళ్ళు డోరో అంటారు.

21న కాఠ్మాండు చేరి, పొరుగునే ఉన్న పాటన్ వెళ్ళాము. అక్కడ కుంభేశ్వరుని అయిదంతస్తుల గుడి ఉన్నది. 1392 నాటిది. ఆ గుడి కోనేటిలోకి గోసాయి కుండం నీరు భూమి లోపలి దారిన వస్తుందని అక్కడివారి నమ్మకం. కొండ ఎక్కలేనివారు జంధ్యాల పున్నమి నాడు ఆ కోనేటిలోనే స్నానం చేస్తారు. ముసలివారు, రోగులు, చంటిబిడ్డల తల్లులు, అందరికీ అక్కడ తీర్థఫలం ఉన్నదే. ఈ సంగతి వినగానే అన్నయ్య మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. "నాన్నకు ఇది తెలిసి ఉంటే ఇక్కడికే తెచ్చేవాళ్ళం. డెబ్బై ఏళ్ళప్పుడైనా తెచ్చేవాళ్ళం" అన్నాడు. తరువాత లేచి, సీసాలోని నీరు సగం ఆ కోనేటిలో పోసి, దోసిలితో ఆ నీరు తీసి తల మీద చల్లుకొన్నాడు.

డోరోను లక్ష్మీపూజ దాకా చేతికి ఉంచుకొని, ఆ రోజు ఆవు తోకకు కట్టాలని ముసలమ్మ చెప్పిందట. దీపావళికి మన వీధి చివర ఒరియా పాలవారి ఇంటికి వెళ్ళి కట్టివచ్చాము. ఎందుకని అడిగితే చెప్పాము. "మా గహ్మా పున్నమి నుంచి మీ దీపావళి దాకా మోశారన్నమాట" అని ఆ పాలాయన నవ్వి, ఆవును కదలకుండా పట్టుకొన్నాడు.

ఇక వెళ్ళదలచిన పెద్దలకు మనవి. ధున్‌చేలో ఒక రాత్రి, చందన్‌బారీలో రెండు రాత్రులు, లౌరీబినాలో ఒక రాత్రి ఉండనిదే చెరువు వైపు అడుగు వేయకండి. మూడు వేల మీటర్లు దాటిన పిమ్మట ఈ రాత్రి పడుకొన్న చోటికి రేపు రాత్రి పడుకొనే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండరాదని వైద్యులు చెబుతారు. మేము ఒక్క రోజున 1,050 మీటర్లు ఎక్కాము. డయామాక్స్ అనే మాత్ర ఉన్నది. అది అందరికీ పడదు. ఇక్కడి డాక్టరును అడిగి తీసుకొనవలెను. తలనొప్పి వస్తే పక్కవారికి చెప్పండి. అది పరువు తక్కువ పని కాదు. తూలితే అర్ధరాత్రి అయినా దిగండి. 2000లో అచ్చైన ఒక వైద్య పరిశీలన ప్రకారం ఆ చెరువు గట్టున పరీక్షించిన యాత్రికులలో సగానికి మించి ఈ కొండజబ్బు కనబడింది. కనుక నవ్వేవాడు కూడా రేపు గీత మీద నడవవలసినవాడే. సెలవు చాలకపోతే యాత్ర మానుకోండి. శక్తి చాలకపోతే పాటన్ కోనేరు ఉన్నది.

ఇది వ్రాసి అన్నయ్యకు చదివి వినిపించాము. మగ్గం ఆపకుండానే విన్నాడు. గీత మీద నడిచిన చోట నాడె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఆడింది. "నీలిమందు తొట్టి అన్నది వేశావా?" అన్నాడు. వేశామన్నాము. "సరే, పంపించు" అన్నాడు. సీసాలో మిగిలిన నీరు మా ఇంట నాన్నగారి పటం దగ్గర ఉన్నది. ఆ ముగ్గురు పెద్దలూ వచ్చి తీర్థం పుచ్చుకొని, ఆ తరువాత ప్రయాణం సంగతి ఆలోచించుకోవచ్చును.

సెలవు.